జానెడు కర్ర, ఒక కలం



ఇవాళ నేను మాట్లాడబోయేది లేత్ మీద చెక్క కలాలు చేసుకోవడం గురించి. వ్యాపారం కోసం కాదు. ఇంట్లో ఒక మూల చిన్న లేత్ మిషన్ పెట్టుకుని, సెలవురోజు మధ్యాహ్నాలు గడిపే వ్యాపకం ఇది. జానెడు పొడవు, బొటనవేలి మందం ఉన్న కర్రముక్కను తీసుకుంటాం. మిషన్‌కు బిగిస్తాం. అది తిరుగుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కుతాం. నున్న చేసి, మెరుగుపెట్టి, లోపల రీఫిల్ అమర్చి జేబులో పెట్టుకుంటాం. ఇదంతా ఒక్క పూటలో అయ్యే పని. అయితే ఆ పూట రావడానికి ముందు కర్రను ఎంచుకోవాలి, ఆరబెట్టాలి, దాని స్వభావం తెలుసుకోవాలి. వాటికి నెలలు పడతాయి, ఒక్కోసారి ఏళ్ళు పడతాయి. ఈ పనిలోని రుచంతా నాకు అక్కడే దొరికింది. కలాలు చేస్తూ చేస్తూ నేను చెట్లను తెలుసుకున్నాను. మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

లేత్ అనగానే చాలామందికి ఇనుప సామాను తయారుచేసే వర్క్‌షాపు గుర్తొస్తుంది. కర్రను తిప్పుతూ చెక్కడం అంతకంటే ఎంతో పాత విద్య. ఈజిప్టులో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం చివరినాటిది. దాని గోడమీది శిల్పంలో ఒకతను పట్టీ లాగుతూ కర్రను తిప్పుతుంటాడు, ఎదురుగా ఇంకొకతను ఉలి పట్టుకుని చెక్కుతుంటాడు. లేత్ కనిపించే అతి పాత బొమ్మల్లో అదొకటి. మన ఇళ్ళలో మాత్రం తక్కువా? పందిరిమంచం కోళ్ళు, కవ్వం, కుంకుమభరిణె, బొంగరం, ఆడపిల్లల లక్కపిడతలు, ఇవన్నీ తరిమెన పట్టిన, అంటే లేత్ మీద తిప్పిన వస్తువులే.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మలు చేస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు ఒత్తిపెడతారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి తుడిస్తే మెరుపు వస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగుల బదులు గింజలు, ఆకులు, బెరళ్ళ నుంచి తీసిన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇక రాజమహేంద్రవరం. అక్కడ లేత్ మీద తయారయ్యేది కలమే. స్వదేశీ ఉద్యమం రోజుల్లో గాంధీజీ మాట స్ఫూర్తిగా కె.వి. రత్నంగారు ఫౌంటెన్ పెన్నుల తయారీకి పూనుకున్నారు. 1932 నుంచి రత్నం పెన్నులు నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఎబొనైట్‌తో చేసినవి. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఆ కడ్డీని లేత్‌కు బిగించి, తొలిచి, మరలు తీసి, ఒక్కొక్క పెన్నునూ మనిషి చేత్తో తయారుచేస్తారు. అంటే కర్రను తిప్పే ఊరూ మన దగ్గర ఉంది, కలాన్ని తిప్పే ఊరూ ఉంది. చెక్క కలం చేయాలనుకునే తెలుగువాడికి ఈ రెండు ఊళ్ళూ గురువుల్లాంటివి.

ఇప్పుడు పని దగ్గరకు వద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సాధారణంగా బాల్‌పెన్ను కిట్‌తో మొదలుపెడతారు. స్లిమ్‌లైన్ అనే రకం అందరూ తొలుత చేసేది. ఆ పొట్లంలో రెండు సన్నటి ఇత్తడి గొట్టాలు ఉంటాయి. ముందు మొన, మెలితిప్పితే రీఫిల్‌ను ముందుకూ వెనక్కూ జరిపే చిన్న యంత్రం, నడుమ పట్టీ, జేబుకు తగిలించే క్లిప్పు, పైటోపీ, రీఫిల్ ఉంటాయి. వీటిలో ఎక్కడా కర్ర ఉండదు. కర్ర మనం ఇవ్వాలి. రెండు ఇత్తడి గొట్టాల చుట్టూ తొడిగే చర్మం మనది.

ఆ చర్మం ఎంత పలచనో చెబితే పని కష్టం అర్థమవుతుంది. గొట్టం కోసం తొలిచే బెజ్జం 7 మిల్లీమీటర్లు. పూర్తయిన కలం నడుమ లావు సుమారు 10 లేదా 11 మిల్లీమీటర్లు. అంటే గొట్టం చుట్టూ మిగిలే కర్ర ఏ వైపు చూసినా రెండు మిల్లీమీటర్లు దాటదు. చివర్ల దగ్గరైతే మిల్లీమీటరు కూడా ఉండదు. బల్లలోనో తలుపులోనో ఒక చిన్న బీట ఉన్నా ఎవరికీ పట్టదు. ఇంత పలచటి పొరలో ప్రతి లోపమూ బయటపడుతుంది. ప్రతి అందమూ బయటపడుతుంది. అందుకే కర్ర ఎంపిక దగ్గర తొందరపడకూడదు.

ఏ కర్ర బాగుంటుందని అందరూ అడుగుతారు. మన చుట్టూ ఉన్న చెట్లనే తీసుకుని చెబుతాను.

టేకుతో మొదలుపెడదాం. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు ద్వారబంధాల ముక్కలు, కిటికీ కమ్ములు కట్టెల అడితికి వెళ్ళిపోతుంటాయి. వాటిలో ఒక్క జానెడు దాచుకోండి. దశాబ్దాలపాటు గాలికి, ఎండకి ఆరిన కర్ర కాబట్టి ఇక వంకర పోదు. కాకపోతే పాత కర్రలో మేకులు విరిగి దాక్కుని ఉంటాయి. రంపం పెట్టేముందు అయస్కాంతంతో నాలుగు వైపులా తడిమి చూడాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. కర్ర చిరకాలం మన్నడానికి అదొక కారణం. ఆ నూనె వల్లే జిగురు సరిగా పట్టదు. జిగురు వేసే ముందు బెజ్జం లోపల అసిటోన్‌తో తుడిస్తే పట్టు దొరుకుతుంది. టేకులో ఇసుకలో ఉండే సిలికా కూడా ఉంటుంది. ఉలి పదును త్వరగా పోతుంది. మాటిమాటికీ సాన పట్టుకోవాలి.

చింత సంగతి వేరు. బయటి భాగం పాలిపోయిన పసుపు. లోపలి చేవ మాత్రం ఊదా కలిసిన ముదురు గోధుమ రంగు. చేవ అన్ని చెట్లలోనూ ఎక్కువ ఉండదు. బాగా ముదిరిన చెట్టు నడుమ కొంచెం దొరుకుతుంది. మాంసం కొట్టే మొద్దులకూ రోకళ్ళకూ చింతను ఎంచుకునేది దాని గట్టిదనం చూసే. ఉలికి అంత సులువుగా లొంగదు. లొంగాక మాత్రం అద్దంలా నున్నదనం వస్తుంది. చేవ, తెల్లభాగం కలిసే చోటు నుంచి ముక్క కోసుకుంటే ఒకే కలంలో రెండు రంగులూ కనిపిస్తాయి.

పనస కర్రను సంగీతం ఇష్టపడేవాళ్ళు ఎరుగుదురు. బొబ్బిలి వీణలు పనస దుంగతోనే చేస్తారు. కోసినప్పుడు మంచి పసుపురంగులో ఉంటుంది. వెలుతురు తగులుతున్నకొద్దీ ఏళ్ళ మీద గోధుమరంగుకు తిరుగుతుంది. అలా రంగు మారుతుందని కలం తీసుకునేవాళ్ళకు ముందే చెప్పడం మంచిది. మెరుగు పోయిందనుకుని బాధపడకుండా, కర్ర ముదురుతున్నదని సంతోషిస్తారు.

మామిడి మెత్తన. మామూలుగా చూస్తే అందులో విశేషమేమీ కనిపించదు. కానీ నేలమీద పడి, వానకు తడిసి, కొంతకాలం ఉండిపోయిన మామిడి దుంగను కోసి చూడండి. లోపల సన్నటి నల్లగీతలు కొండల పటం గీసినట్టు అల్లుకుని ఉంటాయి. అవి శిలీంధ్రాలు గీసుకున్న సరిహద్దులు. ఒక శిలీంధ్రం పక్కదాని నుంచి తన చోటును కాపాడుకోవడానికి కట్టుకునే గోడ అది. ఈ దశలో కర్రను ఆరబెడితే శిలీంధ్రం ఆగిపోతుంది, గీతలు నిలుస్తాయి. ఇంకా వదిలేస్తే కర్ర పుచ్చిపోతుంది. ఎప్పుడు తీయాలన్నది చూపుతో, చేతి గోటితో తెలుసుకోవలసిందే. గోరు దిగబడుతుంటే ఆలస్యమైనట్టు.

తాటిని చాలామంది కలపగా లెక్కచేయరు. దూలాలకు వాడి ఊరుకుంటారు. తాటికి మిగతా చెట్ల మాదిరి వలయాలు ఉండవు. లేత గోధుమరంగు మెత్తటి పదార్థంలో నల్లటి గట్టి పోగులు నిలువుగా దిగి ఉంటాయి. మానులో బయటివైపు అవి దట్టంగా ఉంటాయి, కాబట్టి బయటి కర్రే గట్టిది. ఉలి మొద్దుబారితే ఆ పోగులు కోసుకోకుండా ఊడివస్తాయి. అందుకని చెక్కుతున్నప్పుడు మధ్యమధ్య ఆపి, పల్చటి సూపర్ గ్లూ తాగించి గట్టిపరచాలి. ముక్కను నిలువుగా కోస్తే పొడుగు గీతలు, ఏటవాలుగా కోస్తే పొట్టి గీతలు వస్తాయి. విదేశాల్లో ఈ జాతి కర్రను అరుదైన సరుకుగా కొనుక్కుంటారు. మనకు పొలంగట్ల మీదే ఉంది.

అంకుడు దంతపు తెలుపు. పోగు సన్నగా, అంతటా ఒకేలా ఉంటుంది. లక్కను బాగా పట్టుకుంటుంది. నేర్చుకునే చేతికి అంతకంటే మంచి కర్ర లేదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి మాత్రం ఈ పనికి తగదు. అది తేలిక కర్ర. బొమ్మకు ఆ తేలికదనమే వరం. పలచటి గొట్టంగా చెక్కితే నలిగిపోతుంది.

రెండు కర్రల గురించి హెచ్చరికగా చెప్పాలి. ఎర్రచందనం చూడగానే మనసు లాగుతుంది. శేషాచలం, వెలికొండ అడవుల్లో సహజంగా పెరిగే చెట్టు అది. దాని కోసం మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అడవి నష్టపోయింది. అటవీశాఖ పత్రాలు లేని ముక్క ఎంత చిన్నదైనా, ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. శ్రీగంధం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. జిట్రేగి, అంటే రోజ్‌వుడ్ కావాలనుకుంటే పాత మంచం కోడు, విరిగిన కుర్చీ చేయి వెతకండి. కొత్తగా చెట్టు కొట్టవలసిన అవసరం ఈ వ్యాపకానికి ఏనాడూ లేదు. ఎవరో పారేసిన ముక్క చాలు.

కర్ర దొరికింది. ఇప్పుడు ఓపిక కావాలి.

పచ్చికర్రలో నీరు ఉంటుంది. అది పోతున్నకొద్దీ కర్ర కుంచించుకుంటుంది. అన్ని దిక్కులా సమానంగా కుంచించుకోదు. నిలువు పోగు వెంట దాదాపు మార్పు ఉండదు. వలయాల వెంట కుంచించుకునేది, నడుమ నుంచి బయటి బెరడు వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే పచ్చికర్రలో తొలిచిన గుండ్రటి బెజ్జం ఆరాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఇత్తడికి ఈ మార్పు లేదు. తడి ఉన్న కర్రను ఇత్తడి గొట్టం మీద అతికిస్తే, కర్ర లోపలికి బిగుసుకుంటుంది, ఇత్తడి లొంగదు, చివరికి కర్ర నిలువునా చీలుతుంది. ఇది కలం పూర్తయిన రోజున కనిపించదు. నెలల తర్వాత, ఎవరి జేబులోనో ఉన్నప్పుడు కనిపిస్తుంది.

వానాకాలంలో విశాఖపట్నంలో చేసిన కలం మే నెల ఎండల్లో అనంతపురం వెళ్ళవచ్చు. డిసెంబరులో అమెరికాలో హీటరు నడిచే ఇంటికి చేరవచ్చు. సముద్రపు గాలిలో తేమకు అలవాటుపడిన కర్ర ఆ పొడిగాలిలో ఇంకా ఆరుతుంది. పిల్లలకు, మనవలకు కలం పంపేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దూరం వెళ్ళే కలానికి పాత కర్రే నమ్మకం.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వంటింటి ఎలక్ట్రానిక్ తూనిక చాలు. చెట్టు నుంచి ముక్క కోసిన వెంటనే రెండు చివరలకూ కరిగించిన మైనమో, పాత పెయింటో పూయండి. నీరు చివరల నుంచే వేగంగా పోతుంది, అందుకే అక్కడే ముందు నెర్రెలు పడతాయి. మైనం ఆ వేగాన్ని తగ్గిస్తుంది. ముక్క మీదే తేదీ, బరువు రాయండి. నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. నెలకోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయి, కొన్ని నెలలపాటు ఒకేచోట నిలిచిందంటే కర్ర ఆ ఊరి గాలితో రాజీపడినట్టే.

తర్వాత తొలచడం. ముక్కను గొట్టం కంటే కొంచెం పొడుగ్గా కోసుకుంటాం. నడుమ 7 మిల్లీమీటర్ల బిట్టుతో బెజ్జం వేస్తాం. ఇక్కడ తొందరకు రెండు శిక్షలు ఉన్నాయి. ఒకటి వేడి. పొట్టు బయటికి రాకుండా బెజ్జంలో ఇరుక్కుంటే రాపిడికి కర్ర వేడెక్కి లోపలి నుంచే చీలుతుంది. కాబట్టి బిట్టు సెంటీమీటరు దిగగానే పైకి తీసి, పొట్టు దులిపి, మళ్ళీ దింపాలి. రెండోది అవతలి వైపు పగుళ్ళు. బిట్టు బయటికి వచ్చేచోట కర్ర పెచ్చులూడుతుంది. దానికి ఉపాయం ఉంది. ముక్కను ఇంకొంచెం పొడుగ్గా ఉంచి, అవతలి వైపుకు రాకముందే తొలచడం ఆపి, ఆ మూసి ఉన్న చివరను రంపంతో కోసేస్తే బెజ్జం శుభ్రంగా తెరుచుకుంటుంది.

ఇత్తడి గొట్టం నున్నగా మెరుస్తుంటుంది. ఆ మెరుపు మీద జిగురు నిలవదు. గరుకు కాగితంతో రుద్ది గీతలు పడనివ్వాలి. జిగురుగా సూపర్ గ్లూ వాడితే పని త్వరగా అవుతుంది, అయితే గొట్టం సగం దూరంలో ఉండగానే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. కొత్తవాళ్ళు ఎరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు కలిపి వాడుకుంటే నిదానంగా అమర్చుకునే వ్యవధి దొరుకుతుంది. గొట్టాన్ని మెలితిప్పుతూ లోపలికి తోస్తే జిగురు చుట్టూ పరుచుకుంటుంది. మర్నాటి వరకూ కదపకూడదు. ఆరాక ముక్క చివరలను ఇత్తడి కనిపించేంత వరకూ సరిగ్గా లంబంగా చదును చేయాలి. ఈ చదును తప్పితే చివర్లో లోహపు భాగాలకూ కర్రకూ మధ్య సందు మిగులుతుంది. దాన్ని దాచడానికి ఏ మెరుగూ పనికిరాదు.

ఇక లేత్. రెండు ముక్కలనూ మాండ్రెల్ అనే సన్నటి ఉక్కు కడ్డీకి గుచ్చుతాం. వాటి అటూ ఇటూ బుష్‌లు అనే చిన్న ఉక్కు ఉంగరాలు ఉంటాయి. కర్రను ఆ బుష్‌ల లావుకు దించితే కిట్‌లోని భాగాలతో సరిగ్గా కలుస్తుంది. కడ్డీని బిగించడంలో ఒక మర్మం ఉంది. మరీ బిగిస్తే సన్నటి ఉక్కు కంటికి కనిపించనంతగా వంగుతుంది. అప్పుడు కర్ర నడుమ నుంచి కాకుండా ఒక పక్కకు తిరుగుతుంది. కలం ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా తయారవుతుంది. కర్ర జారకుండా ఉండేంత బిగువు చాలు.

వేగం సంగతీ చెప్పాలి. పెద్ద గిన్నె తిప్పేటప్పుడు నిమిషానికి కొన్ని వందల చుట్లు చాలు. కలానికి 2000 చుట్ల పైమాటే కావాలి. 20 మిల్లీమీటర్ల ముక్క నిమిషానికి 2000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషంలో దాదాపు 125 మీటర్లు పరిగెత్తుతుంది. లావు సగానికి తగ్గితే ఆ పరుగూ సగానికి తగ్గుతుంది. ఉలి నున్నగా కోయాలంటే అంచుకు పరుగు ఉండాలి. అందుకే సన్నపడేకొద్దీ వేగం పెంచుతాం.

ఈ పనిలో చెవి కూడా పనిచేస్తుంది. రేడియో వినేవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుందని నా నమ్మకం. మొదట పలకలుగా ఉన్న ముక్క ఉలికి తగిలినప్పుడు టకటకమని వరసగా చప్పుడు వస్తుంది. మూలలు అరిగేకొద్దీ ఆ దెబ్బలు మెత్తబడతాయి. పూర్తిగా గుండ్రమయ్యాక దెబ్బ ఆగిపోయి సన్నటి రొద ఒకటే మిగులుతుంది. ఆ రొదలో మళ్ళీ ఎక్కడైనా టిక్కుమని వినిపిస్తే మిషన్ ఆపాలి. బీట పడి ఉంటుంది, లేదా జిగురు పట్టని చోట కర్ర ఊగుతుంటుంది. కన్ను చూడకముందే చెవి చెబుతుంది.

ఉలి పట్టే తీరు కొంచెం నేర్చుకోవాలి. పదును అంచును నేరుగా కర్రలోకి తోయకూడదు. ముందు ఉలి వాలు ముఖాన్ని తిరుగుతున్న కర్ర మీద ఆనించాలి. అప్పుడు ఏమీ కోయదు. పిడిని మెల్లగా ఎత్తుతూ వస్తే ఒకచోట పదును అందుకుంటుంది. అక్కడే ఆగి, ఒంటిని కదుపుతూ పక్కకు జరపాలి. పదును బాగుండి, కోణం కుదిరితే పొట్టు దుమ్ముగా రాలదు, సన్నటి పొడుగు పోగులుగా లేచి చేతిమీద పడుతుంది. ఏటవాలు అంచు ఉన్న ఉలితో ఇలా కోసిన కర్రకు గరుకు కాగితం అవసరం చాలా తగ్గుతుంది. ఆ స్థితికి చేరడానికి సమయం పడుతుంది. ఖరీదు లేని వేపకర్ర ముక్కల మీద సాధన చేసుకుంటే చేయి దానంతటదే కుదురుకుంటుంది.

తర్వాత గరుకు కాగితం. 150 నంబరుతో మొదలుపెట్టి 240, 320, 400, 600 వరకూ వెళతాం. ప్రతి నంబరు అయ్యాక మిషన్ ఆపి, కర్ర పొడుగునా చేత్తో రుద్దాలి. తిరిగేటప్పుడు పడిన అడ్డగీతలు అలా రుద్దితేనే పోతాయి. వేళ్ళకు వేడి తెలిస్తే ఆగాలి. నల్లటి గట్టి కర్రలు ఈ వేడికి సన్నటి నెర్రెలు పడతాయి.

మెరుగు దగ్గర మనం మళ్ళీ ఏటికొప్పాకకు వస్తాం. పాశ్చాత్య దేశాల్లో కలాలు చేసేవాళ్ళు ఫ్రిక్షన్ పాలిష్ అనే ద్రవం వాడతారు. సీసా మీద పేరు ఏదైనా, అందులో ముఖ్యమైన సరుకు షెల్లాక్. అది మన లక్కే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు స్రవించే జిగురును శుద్ధిచేసి, స్పిరిట్‌లో కరిగించి, మైనం కలిపితే ఆ పాలిష్ అవుతుంది. దాన్ని తిరుగుతున్న కర్రకు కాగితంతో ఒత్తితే రాపిడి వేడికి ఆరి మెరుస్తుంది. మన బొమ్మల కళాకారుడు లక్క కడ్డీని ఒత్తేదీ అదే వేడిని నమ్ముకునే. లక్క మెరుపులో ఒక వెచ్చదనం ఉంటుంది, కర్ర కర్రలాగే కనిపిస్తుంది. కానీ స్పిరిట్‌కు కరుగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని వెంటనే కలం పట్టుకుంటే మెరుపు మసకబారుతుంది. చెమట పట్టే చేతికీ అంతే. రోజంతా రాసేవాళ్ళకు ఇచ్చే కలమైతే పల్చటి సూపర్ గ్లూను పొరలు పొరలుగా వేసి, తడి గరుకు కాగితంతో నున్న చేస్తే గాజులాంటి గట్టి పూత వస్తుంది. అందం ముఖ్యమా, మన్నిక ముఖ్యమా అన్నది రాసే మనిషిని బట్టి తేల్చుకోవాలి. ఎర్రటి కర్రల్లో రంగు స్పిరిట్‌లో కరిగి పక్కనున్న తెల్లభాగానికి అంటుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

చివరి పని కూర్పు. భాగాలన్నీ ఇత్తడి గొట్టంలోకి బిగువుగా ఒత్తి దింపవలసినవే. మెలితిప్పే యంత్రాన్ని గుర్తు ఉన్నంత వరకే దించి, రీఫిల్ పెట్టి, మొన ఎంత బయటికి వస్తోందో చూసుకుంటూ కొద్దికొద్దిగా ఒత్తాలి. ఎక్కువ దిగితే వెనక్కు లాగడం చాలా కష్టం. రెండు ముక్కలూ ఒకే కర్ర నుంచి కోసినవైతే పోగు వరస పైనుంచి కిందికి కలిసేటట్టు ముందే గుర్తుపెట్టుకుని అమర్చండి. చూసేవాళ్ళు ఎందుకు బాగుందో చెప్పలేకపోయినా బాగుందని మాత్రం చెబుతారు.

భద్రత గురించి గట్టిగా చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. లేత్ ముందు నిలబడేటప్పుడు చున్నీ, పైట, వదులు చేతుల చొక్కా, గొలుసు, చేతి గాజులు, విడిచిన జుట్టు ఏవీ ఉండకూడదు. చేతికి గ్లవ్స్ కూడా వద్దు. తిరిగే కర్రకు గుడ్డ చిక్కితే చేతినీ లాగేస్తుంది. పాలిష్ రాయడానికి గుడ్డపేలిక బదులు కాగితం వాడమనేది అందుకే. కాగితమైతే చిరిగిపోతుంది, చేయి దక్కుతుంది. ముఖానికి పూర్తిగా అడ్డుగా ఉండే పారదర్శకమైన తొడుగు పెట్టుకోవాలి. కర్రధూళిని తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్రధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మంచి మాస్కు పెట్టుకోండి, కిటికీలు తెరవండి, పని అయ్యాక దుమ్ము ఊడ్చకుండా తడిగుడ్డతో తీయండి. శిలీంధ్రం పట్టిన మామిడి, జిట్రేగి లాంటి కర్రలు కొందరికి ఆయాసం, దురద తెస్తాయి. చిన్నపిల్లలు చూడాలని ముచ్చటపడితే దూరం నుంచి చూడనివ్వండి.

మిషన్ కొనే స్తోమతు, చోటు అందరికీ ఉండకపోవచ్చు. ముందు మీ ఊళ్ళో మంచం కోళ్ళు, మెట్ల కమ్ములు తిప్పే దుకాణం ఎక్కడుందో కనుక్కోండి. అక్కడి మేస్త్రీ దగ్గర కాసేపు నిలబడి ఆయన చేతి కదలిక చూడండి. ఆయనకు కర్ర గురించి తెలిసినంత పుస్తకాల్లో దొరకదు. ఈ ముక్క ఏ చెట్టుదని అడిగితే వాసన చూసి చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోవడం మనకు అవసరం, వాళ్ళ విద్యకు గౌరవం. కిట్‌తో చేయడం బాగా అలవాటయ్యాక, లోహపు భాగాలు లేకుండా కర్రలోనూ ఎబొనైట్‌లోనూ మరలు తీసి పూర్తి కలం మనమే చేసుకునే దశ కూడా ఉంది. ఆ మెట్టు ఎక్కాలనుకునేవాళ్ళకు రాజమహేంద్రవరం పనితనమే కొలబద్ద.

చేసిన కలాన్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒక చిన్న చీటీ జతచేయండి. చెట్టు పేరు, అది పెరిగిన ఊరు, ముక్క కోసిన ఏడాది, పూసిన మెరుగు ఏదో రాయండి. పుచ్చుకున్న మనిషి ఆ చెట్టు పేరు నేర్చుకుంటాడు. మన పిల్లల్లో వేపను, చింతను ఆకుతో గుర్తుపట్టేవాళ్ళు కొందరున్నారు, కర్రతో గుర్తుపట్టేవాళ్ళు దాదాపు లేరు. ఒక తరం కిందట రైతులందరికీ తెలిసిన విద్య అది. బండికి ఏ కర్ర, నాగలికి ఏ కర్ర, రోకలికి ఏ కర్ర అన్న లెక్క ఇంట్లో అందరికీ ఉండేది. వస్తువులు మారాయి, లెక్క మరుగున పడింది. కలం చేసుకునే వ్యాపకం ఆ తెలివిని కొంతైనా మన చేతుల్లోకి తిరిగి తెస్తుంది.

చివరగా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరమంతా చెట్లు కూలిపోయాయి. వీధులు తెరవాలి కాబట్టి వాటిని నరికి తరలించక తప్పలేదు. చాలావరకు కట్టెలైపోయాయి. తుఫానులు మళ్ళీ వస్తాయి, రోడ్ల వెడల్పు పనులు జరుగుతాయి, పెరట్లో చెట్టు ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. అలా పడిన రోజున ఒక్క జానెడు కర్ర అడిగి తీసుకోండి. చివరలకు మైనం పూయండి. చెట్టు పేరు, ఊరు, తేదీ దాని మీద రాసి నీడలో పెట్టండి. లేత్ ఇంకా కొనకపోయినా ఫరవాలేదు, నేర్చుకోవడం మొదలుపెట్టకపోయినా ఫరవాలేదు. మిషన్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ చెట్టు మాత్రం మళ్ళీ దొరకదు.